నీడలు చెప్పే నిజాలు

మానవ శరీరంలో అన్నిటికంటె కఠినమైన పదార్థం ఏది అని ప్రశ్నిస్తే చాలామంది ఎముక అని సమాధానం చెబుతారు. నిజానికి ఎముక కంటె కఠినమైనది పంటిని కవచంలా కప్పి ఉండే ఎనామిల్ పొర. బరువును బట్టి లెక్కిస్తే అందులో సుమారు 96 శాతం ఖనిజ పదార్థమే ఉంటుంది. అందువల్లనే పురావస్తు తవ్వకాలలో ఎముకలు శిథిలమై కనిపించిన చోట కూడా పళ్లు చెక్కుచెదరకుండా లభిస్తాయి. మట్టిలో వేల సంవత్సరాలు నిలువగల పన్ను, మనిషి జీవించి ఉండగానే, ఒక్కొక్కసారి యౌవనంలోనే పుచ్చిపోతుంది. ఈ వైచిత్రికి కారణం నోటిలోనే ఉంది. పంటిపై పేరుకొన్న పాచిలో అసంఖ్యాకంగా సూక్ష్మజీవులు నివసిస్తాయి. మనం తిన్న తీపి పదార్థాలను అవి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌లోని ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. దీనినే దంతక్షయం అంటారు. వాడుకలో పిప్పిపన్ను అని మనం చెప్పుకొనేది ఈ వ్యాధి ముదిరిన దశనే.

దంతక్షయంలోని ప్రమాదమంతా దాని నిశ్శబ్దంలో ఉంది. ఎనామిల్‌లో నాడులు ఉండవు. కాబట్టి అది కరుగుతున్నా నొప్పి తెలియదు. ఎనామిల్‌ను దాటి, దాని కింద ఉన్న డెంటిన్ పొరలో కొంత దూరం ప్రవేశించిన తరువాతనే చల్లని నీరు తాగినపుడు పన్ను జివ్వుమంటుంది. నాడులు, రక్తనాళాలు ఉండే దంతమజ్జకు వ్యాధి చేరినపుడు నిద్ర పట్టనీయని పోటు మొదలవుతుంది. నొప్పి వచ్చేనాటికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది. మరి నొప్పి కంటె ముందుగానే వ్యాధిని గుర్తించడం ఎలా? దంతవైద్య చరిత్ర అంతా ఒక విధంగా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదకిన చరిత్రే.

కంటికి అందని చోటు

ప్రాచీన భారతీయ వైద్యులు నోటి వ్యాధులను ఉపేక్షించలేదు. సుశ్రుత సంహిత ముఖరోగాలను 65 విధాలుగా వర్గీకరించి, పెదవులు, చిగుళ్లు, పళ్లు, నాలుక, అంగిలి, గొంతు అనే స్థానాలను బట్టి వాటి లక్షణాలను వివరించింది. అయితే ఆ నాటి వైద్యునికి ఉన్న సాధనాలు కన్ను, చేతి స్పర్శ, రోగి చెప్పిన మాట మాత్రమే. అవి నోటి ఉపరితలం వరకే చేరగలవు. రెండు పళ్లు ఒకదానినొకటి ఒరుసుకొని ఉండే సందులో ఏమి జరుగుతున్నదో, చిగురు కింద వేరు ఎంత బలంగా ఉన్నదో, దవడ ఎముక లోపల తిత్తి ఏదైనా పెరుగుతున్నదో తెలుసుకొనే మార్గం వారికి లేదు. పందొమ్మిదో శతాబ్దం చివరి వరకు ప్రపంచమంతటా దంతవైద్యుల పరిస్థితి ఇదే.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు కొత్త కిరణాలను గుర్తించాడు. వాటి స్వభావం అప్పటికి తెలియనందున ఎక్స్ కిరణాలు అని పేరు పెట్టాడు. భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే లభించింది. ఈ కిరణాలు మెత్తని కండరంలో నుండి సులభంగా దూసుకుపోతాయి. ఖనిజాలు దట్టంగా ఉన్న ఎముకలో, పంటిలో చాలావరకు ఆగిపోతాయి. వెనుక ఉంచిన ఫలకంపై కిరణాలు ఎక్కువగా పడిన చోటు నల్లగా, తక్కువగా పడిన చోటు తెల్లగా మారుతుంది. కాబట్టి ఎక్స్ కిరణ చిత్రం అంటే శరీరం లోపలి భాగాల నీడల సముదాయమే.

రాంట్‌జన్ పరిశోధన ప్రకటితమైన కొద్ది రోజులకే, 1896 జనవరిలో, జర్మనీకే చెందిన ఆటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లను తానే చిత్రీకరించుకొన్నాడు. అందుకోసం ఆయన 25 నిమిషాల పాటు కదలకుండా కిరణాల ఎదుట ఉండవలసి వచ్చింది. ఈనాడు అదే పనికి సెకనులో కొద్ది భాగం చాలు. అదే సంవత్సరం అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు ఈ విధానాన్ని తన వైద్యశాలలో ప్రవేశపెట్టాడు. యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించడానికి ఆయన ప్రతిసారీ తన చేతినే కిరణాలకు అడ్డుపెట్టేవాడు. కొన్నేళ్లకు ఆ చేతికి క్యాన్సర్ సోకింది. మొదట వేళ్లు, తరువాత చేయి కోల్పోయి, 1928లో ఆయన మరణించాడు. బోస్టన్ నగరానికి చెందిన విలియం రోలిన్స్ అనే మరొక దంతవైద్యుడు 1901లోనే గినీ పందులపై ప్రయోగాలు చేసి, ఈ కిరణాలు ప్రాణాంతకం కాగలవని హెచ్చరించాడు. ఆ హెచ్చరికను నాడు పట్టించుకొన్నవారు అరుదు. లోపలి లోకాన్ని చూపే ప్రతి కొత్త సాధనానికీ ఒక మూల్యం ఉంటుందనే పాఠాన్ని దంతవైద్యం ఈ విధంగా ఆరంభ దశలోనే నేర్చుకొన్నది.

పంటి నుండి దవడకు

మొదట్లో ఒకటి రెండు పళ్లను మాత్రమే చిత్రీకరించేవారు. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా తలను ఒక చట్రంలో కదలకుండా నిలిపి, పక్క నుండి ప్రామాణికమైన చిత్రం తీసే పద్ధతిని రూపొందించారు. దానివల్ల పుర్రె మీద, దవడల మీద కొన్ని స్థిర బిందువులను గుర్తించి, వాటి మధ్య కోణాలను, దూరాలను కొలవడం సాధ్యమైంది. ఎత్తుపళ్లకు, ముందుకు పొడుచుకువచ్చిన దవడకు చికిత్స చేసే వైద్యులకు ఈ కొలతలే నేటికీ ఆధారం. తరువాత ఫిన్లాండ్ దేశానికి చెందిన ఇర్యో పాటెరో కృషి ఫలితంగా, యంత్రం తల చుట్టూ తిరుగుతూ రెండు దవడలను, అన్ని పళ్లను ఒకే చిత్రంలో పరచినట్లు చూపే విధానం రూపొందింది. అర్ధచంద్రాకారంలో వంగి ఉన్న పలువరుస ఆ చిత్రంలో ఒక పొడవైన పట్టీలాగా కనిపిస్తుంది. బయటికి రాలేక దవడలో అడ్డంగా ఇరుక్కొన్న జ్ఞానదంతం, ఎముకను తొలుచుకొంటూ పెరిగే తిత్తి, పగుళ్లు, కణితులు మొదలైనవి అందులో ఒక్కచూపులో బయటపడతాయి.

అయినా నీడకు కొన్ని పరిమితులు ఉన్నాయి. మూడు కొలతలు గల వస్తువును రెండు కొలతల ఫలకంపై పరచినపుడు ముందున్నదీ వెనుకనున్నదీ ఒకదానిపై ఒకటి పడతాయి. పైగా, ఒక చోట సుమారు 30 శాతానికి పైగా ఖనిజం నశిస్తే తప్ప ఆ మార్పు చిత్రంలో స్పష్టంగా కనిపించదు. అంతకంటె ముఖ్యమైన పరిమితి చూసే వ్యక్తిలోనే ఉంది. ఒకే చిత్రాన్ని ఇద్దరు నిపుణులకు చూపితే ఒకరు వ్యాధి ఉన్నదని, మరొకరు లేదని చెప్పడం కద్దు. అలసిన కన్నుకు, మసక వెలుతురుకు, పనితొందరకు బూడిదరంగు ఛాయలలోని సూక్ష్మ భేదాలు అందవు. ఈ పరిమితులను అధిగమించడానికే వైద్యులు కంప్యూటర్ సహాయాన్ని ఆశ్రయించారు.

నీడ సంఖ్యగా మారిన వేళ

కంప్యూటర్‌కు చిత్రం తెలియదు. దానికి తెలిసినవి సంఖ్యలు మాత్రమే. కాబట్టి చిత్రాన్ని సంఖ్యలుగా మార్చడం తొలి మెట్టు. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రసెల్ కిర్ష్ తన మూడు నెలల కుమారుని ఛాయాచిత్రాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లు గల ఆ చిన్న బొమ్మ ప్రపంచంలో మొదటి డిజిటల్ చిత్రంగా చరిత్రకెక్కింది. ఆ గళ్లనే ఇప్పుడు పిక్సెళ్లు అంటున్నాం. సంక్రాంతి ముగ్గుకు చుక్కలు ఎలా ఆధారమో, డిజిటల్ చిత్రానికి పిక్సెళ్లు అలా ఆధారం. ప్రతి పిక్సెల్‌కు దాని వెలుగును బట్టి ఒక సంఖ్య ఉంటుంది. సాధారణ పద్ధతిలో నలుపుకు 0, తెలుపుకు 255. వాటి మధ్య ఉన్న సంఖ్యలన్నీ బూడిదరంగులోని వివిధ ఛాయలు. వైద్య చిత్రాలలో 4096 ఛాయల వరకు, కొన్నింటిలో అంతకు మించి కూడా నమోదు చేస్తారు. మానవ నేత్రం ఒకేసారి గుర్తించగలిగేది వాటిలో కొన్ని పదుల ఛాయలను మాత్రమే. అంటే కంటికి ఒకే రంగుగా తోచిన చోట కూడా కంప్యూటర్‌కు అనేక భేదాలు తెలుస్తాయి.

1987లో ఫ్రాన్సు దేశానికి చెందిన దంతవైద్యుడు ఫ్రాన్సిస్ మూయెన్ రూపొందించిన పరికరం దంతవైద్యశాలలో ఫిల్ము అవసరాన్ని తప్పించింది. నోటిలో ఉంచిన చిన్న గ్రాహకం కిరణాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. క్షణాలలో చిత్రం తెరపై ప్రత్యక్షమవుతుంది. ఫిల్మును రసాయనాలలో కడిగే శ్రమ తప్పింది. అన్నిటినీ మించి, రోగిపై ప్రసరింపజేయవలసిన కిరణాల మోతాదు తగ్గింది.

చిత్రం సంఖ్యల పట్టికగా మారిన తరువాత దానిపై గణితం సాగించవచ్చు. ఇందులో ముఖ్యమైన ప్రక్రియలు మూడు. మొదటిది స్పష్టీకరణ. దగ్గర దగ్గరగా ఉన్న ఛాయల మధ్య అంతరాన్ని పెంచి, మసకగా ఉన్న భాగాన్ని స్ఫుటంగా చూపడం దీని పని. రెండవది అంచులను గుర్తించడం. పక్క పక్క పిక్సెళ్ల సంఖ్యలలో హఠాత్తుగా పెద్ద తేడా వచ్చిన చోట ఒక వస్తువు ముగిసి మరొకటి మొదలవుతున్నదని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఈ విధంగా పంటి ఆకారాన్ని, ఎముక ఎత్తును, తిత్తి సరిహద్దును గీయగలుగుతుంది. మూడవది వ్యవకలనం. ఆరు నెలల తేడాతో ఒకే కోణంలో తీసిన రెండు చిత్రాలలో ఒకదాని నుండి మరొకదానిని తీసివేస్తే, మారని భాగాలన్నీ ఒకే సమాన ఛాయలో కలిసిపోయి, మారిన భాగం మాత్రమే మిగులుతుంది. చిగుళ్ల వ్యాధి వల్ల ఎముక అరిగిందా, చికిత్స తరువాత తిరిగి పెరిగిందా అనే ప్రశ్నకు ఇది చక్కని సమాధానం. అయితే రెండు చిత్రాలు తీసిన కోణం ఏమాత్రం మారినా లేని మార్పు ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. గణితం ఎంత కచ్చితమైనదైనా దానికి అందించిన చిత్రం సరైనదైతేనే ఫలితం సరైనదవుతుంది.

మూడవ కొలత

నీడలు ఒకదానిపై ఒకటి పడే సమస్యకు కూడా కంప్యూటరే పరిష్కారం చూపింది. ఒక వస్తువును అనేక కోణాల నుండి చిత్రించి, ఆ నీడలన్నిటినీ గణితం ద్వారా సమన్వయం చేస్తే దాని అసలు రూపాన్ని తిరిగి నిర్మించవచ్చు. ఈ సూత్రంపై గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కానర్‌తో 1971లో లండన్‌లో తొలిసారిగా ఒక రోగికి మెదడు పరీక్ష జరిగింది. ఇందుకు ఆయనకు, సిద్ధాంతపరంగా పునాది వేసిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. 1990ల చివరలో ఇటలీ, జపాన్ శాస్త్రజ్ఞులు దవడల కోసం ప్రత్యేకంగా, శంకువు ఆకారంలో కిరణాలను ప్రసరింపజేస్తూ తల చుట్టూ తిరిగే స్కానర్లను రూపొందించారు. సాధారణంగా ఒక నిమిషం లోపే ఆ యంత్రం కొన్ని వందల చిత్రాలను సేకరిస్తుంది. వాటి నుండి కంప్యూటర్ దవడను పాచికల వంటి సూక్ష్మ ఘనాలతో తిరిగి నిర్మిస్తుంది. ఆ ఘనం ఒక్కొక్క భుజం మిల్లీమీటరులో పదవ వంతు ప్రాంతంలో ఉండవచ్చు. వైద్యుడు ఆ నమూనాను ఏ వైపు నుండి అయినా తిప్పి, ఏ చోటనైనా కోసి చూసినట్లు చూడగలడు. దవడ అతనికి కరతలామలకమవుతుంది.

దీని ప్రయోజనం గ్రహించడానికి ఒక ఉదాహరణ చాలు. కింది దవడ ఎముకలో ఒక సన్నని సొరంగం ఉంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే నాడి దాని గుండా పయనిస్తుంది. జ్ఞానదంతం వేర్లు కొందరిలో ఈ సొరంగాన్ని ఆనుకొని ఉంటాయి. ఆ విషయం తెలియక పన్ను పెరికితే నాడి దెబ్బతిని, పెదవి మొద్దుబారిపోవచ్చు. ఊడిన పంటి స్థానంలో లోహపు వేరును అమర్చేటపుడు కూడా ఈ నాడికి సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచాలని వైద్యులు భావిస్తారు. అంత సూక్ష్మమైన దూరాన్ని ఊహతో నిర్ణయించడం సాహసం. కంప్యూటర్ నిర్మించిన త్రిపరిమాణ చిత్రంలో దానిని కొలిచి చూసుకోవచ్చు.

నేర్చుకొనే యంత్రం

ఇంతవరకు చెప్పిన పద్ధతులలో ఏమి వెదకాలో, ఎలా వెదకాలో మనిషే కంప్యూటర్‌కు నియమాల రూపంలో చెప్పాడు. కాని పుచ్చిన పన్ను నీడ ప్రతి నోటిలో ఒక్కొక్క తీరుగా ఉంటుంది. దానిని నియమాలలో బంధించడం కష్టం. పసిపిల్ల ఆవును గుర్తించడం ఎలా నేర్చుకొంటుంది? ఎవరూ ఆమెకు ఆవు లక్షణాలను నిర్వచించి చెప్పరు. పదిసార్లు ఆవును చూపి, ఇది ఆవు అంటారు. గేదెను చూపి, ఇది ఆవు కాదంటారు. కంప్యూటర్‌కు కూడా ఇదే మార్గంలో శిక్షణ ఇవ్వడం మొదలైంది. నిపుణులు వ్యాధి ఉన్న చోటును గుర్తించి పెట్టిన వేల కొలది చిత్రాలను దానికి చూపుతారు. మెదడులోని నాడీకణాల అల్లికను స్ఫూర్తిగా తీసుకొని నిర్మించిన గణిత జాలం వాటిని పరిశీలించి తన అంచనా చెబుతుంది. అంచనా తప్పినపుడల్లా తన లోపలి సంఖ్యలను కొద్దిగా సవరించుకొంటుంది. ఇలా లక్షల పర్యాయాలు సవరించుకొన్న పిమ్మట కొత్త చిత్రాన్ని కూడా చదవగలుగుతుంది.

ఈ మార్గంలో దంతవైద్యానికి ఒక విశిష్ట స్థానం ఉంది. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో యు-నెట్ అనే గణిత జాలాన్ని ప్రకటించారు. చిత్రంలోని ప్రతి పిక్సెల్ ఏ అవయవానికి, ఏ భాగానికి చెందినదో విడదీసి చెప్పడం దాని ప్రత్యేకత. తరువాతి కాలంలో వైద్య చిత్ర విశ్లేషణకు ఇది మూలస్తంభంగా నిలిచింది. ఆ సంవత్సరమే పళ్ల ఎక్స్ కిరణ చిత్రాలలో దంతక్షయాన్ని గుర్తించే అంతర్జాతీయ పోటీలో అది ప్రథమ స్థానం పొందింది. 2021, 2022 సంవత్సరాలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ కోవకు చెందిన దంతచిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్లకు వైద్యశాలలలో వినియోగించడానికి అనుమతి ఇచ్చింది.

ఇటువంటి వ్యవస్థలు నేడు పళ్ల సందులలోని క్షయాన్ని గుర్తిస్తున్నాయి. చిగుళ్ల వ్యాధిలో ఎముక ఎంత తగ్గిందో కొలుస్తున్నాయి. వేరు కొస వద్ద చీము పట్టిన ఛాయను ఎత్తిచూపుతున్నాయి. తల పక్కచిత్రంలో బిందువులను గుర్తించి కోణాలను లెక్కిస్తున్నాయి. పంటికే కాక శరీరమంతటికీ సంబంధించిన సూచనలు కూడా వీటి వల్ల లభించవచ్చు. కింది దవడ అడుగున గట్టిగా ఉండే ఎముక అంచు మందం 3 మిల్లీమీటర్ల కంటె తక్కువగా ఉన్న స్త్రీలలో, ముఖ్యంగా రుతుక్రమం ఆగిన తరువాత, ఎముకలు గుల్లబారే వ్యాధి ఉండే అవకాశం ఉందని ఐరోపా పరిశోధకులు సూచించారు. పంటి కోసం తీసిన చిత్రంలో కంప్యూటర్ ఈ మందాన్ని కూడా కొలిచి చెబితే, తుంటి ఎముక విరగక ముందే ఆమెను తగిన పరీక్షకు పంపవచ్చు.

తెలుగునేల సమస్యలు

ఈ విజ్ఞానం తెలుగు ప్రాంతాలకు ప్రత్యేకించి ఉపయోగపడే సందర్భాలు రెండున్నాయి. మొదటిది ఫ్లోరోసిస్. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ప్రాంతాలలో పిల్లల పళ్లు రూపొందే వయసులోనే ఎనామిల్ దెబ్బతిని, తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు, గుంటలు ఏర్పడతాయి. భారతదేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి శాస్త్రీయ వివరణ 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం నుండి వెలువడింది. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల పల్లెలు ఈ బాధను తరతరాలుగా అనుభవించాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. వ్యాధి తీవ్రతను అమెరికా వైద్యుడు డీన్ 1930లలో రూపొందించిన తరగతులను బట్టి కంటితో చూసి నిర్ణయించడం ఆనవాయితీ. ఇందులో పరీక్షించే వ్యక్తిని బట్టి తీర్పు మారవచ్చు. ఒకే రకమైన వెలుతురులో తీసిన సాధారణ ఛాయాచిత్రాన్ని కంప్యూటర్ విశ్లేషిస్తే మచ్చల విస్తీర్ణాన్ని, రంగును సంఖ్యలలో తెలుపుతుంది. దీనికి ఎక్స్ కిరణాల అవసరమే లేదు. రక్షిత మంచినీరు వచ్చిన తరువాత పుట్టిన పిల్లల పళ్లు నిజంగా మెరుగుపడ్డాయా అనే విషయాన్ని నిష్పక్షపాతంగా తేల్చడానికి ఇటువంటి కొలతలు అవసరం.

రెండవది అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీర ప్రాంతంలో, శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెలలో, చుట్ట మండే కొనను నోటి లోపల ఉంచుకొని పొగతాగే అలవాటు ముఖ్యంగా స్త్రీలలో చిరకాలంగా కనిపిస్తున్నది. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ తెల్లని మచ్చలు, పుండ్లు ఏర్పడి, కొందరిలో క్యాన్సర్‌గా పరిణమిస్తాయి. 1960లలోనే టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు శ్రీకాకుళం పల్లెలలో దీనిని పరిశీలించారు. మెత్తని కణజాలంలోని ఇటువంటి తొలి మార్పులు ఎక్స్ కిరణ చిత్రంలో కనిపించవు. సెల్‌ఫోన్‌తో తీసిన నోటి ఛాయాచిత్రాలను కంప్యూటర్ ద్వారా వడపోసి, అనుమానం ఉన్న వారిని మాత్రమే నిపుణుల వద్దకు పంపే ప్రయత్నాలు మన దేశంలో సాగుతున్నాయి. దంతవైద్యుడు అందుబాటులో లేని పల్లెకు ఇది వరం కాగలదు. అయితే క్యాన్సర్‌ను నిర్ధారించేది కణజాలం ముక్కను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షే. ఛాయాచిత్రం అనుమానాన్ని మాత్రమే కలిగించగలదు.

తప్పు విలువ ఎంత?

కంప్యూటర్ చెప్పినదంతా వేదవాక్కుగా స్వీకరించవచ్చా? దీనికి సమాధానం ఒక చిన్న లెక్కలో ఉంది. వెయ్యి పళ్లను పరీక్షించామనుకొందాం. వాటిలో నూరు పళ్లకు మాత్రమే క్షయం ఉన్నదనుకొందాం. కంప్యూటర్ వ్యాధి ఉన్న పళ్లలో 90 శాతాన్ని సరిగా పట్టుకొంటుంది. ఆరోగ్యంగా ఉన్న పళ్లలో కూడా 90 శాతాన్ని సరిగానే గుర్తిస్తుంది అనుకొందాం. వినడానికి ఇది గొప్ప సామర్థ్యమే. అది వ్యాధి ఉన్న నూరింటిలో తొంభై పళ్లను గుర్తిస్తుంది, పదింటిని వదిలేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తొమ్మిది వందల పళ్లలో పది శాతం, అంటే మరో తొంభై పళ్లను వ్యాధిగ్రస్తమైనవిగా పొరబడుతుంది. మొత్తం మీద అది వేలెత్తి చూపిన 180 పళ్లలో సగం మంచి పళ్లే! వైద్యుడు ఆలోచించకుండా ఆ పళ్లన్నిటినీ తొలిచి సిమెంటు నింపితే తొంభై ఆరోగ్యవంతమైన పళ్లకు హాని జరుగుతుంది. చర్మం తెగితే మళ్లీ కలుస్తుంది. ఎనామిల్ ఒకసారి తొలిస్తే తిరిగి పెరగదు.

యంత్రం పొరబడడానికి మరొక కారణం దాని చదువులోనే ఉంది. ఒక దేశంలో, ఒక రకం పరికరంతో తీసిన చిత్రాలతో శిక్షణ పొందిన వ్యవస్థ మరొక దేశపు రోగుల చిత్రాల ముందు తడబడవచ్చు. వక్కాకు, గుట్కా వాడకం వల్ల అరిగిన, రంగు మారిన పళ్లు గాని, ఫ్లోరోసిస్ మచ్చలు గాని అది శిక్షణలో చూసి ఉండకపోతే వాటిని వేరొక వ్యాధిగా భావించవచ్చు. అంతేకాదు, దానికి పాఠం చెప్పిన నిపుణులలోనే అభిప్రాయభేదం ఉంటే ఆ సందిగ్ధత శిష్యునికీ సంక్రమిస్తుంది. అందువల్ల ఏ ప్రాంత ప్రజలకు ఉపయోగించదలచామో ఆ ప్రాంతపు చిత్రాలతో పరీక్షించిన తరువాతనే ఏ వ్యవస్థనైనా విశ్వసించడం ఉచితం. ఆ చిత్రాలు రోగుల సొత్తు. వారి అనుమతి లేకుండా, వారి పేరు, ఊరు తెలిసేటట్లుగా వాటిని ఇతరులకు అందించడం తగదు.

కిరణాల విషయంలో కూడా విచక్షణ అవసరం. నేల, గాలి, ఆహారం, ఆకాశం నుండి మనిషికి సహజంగానే ఏటా ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల వికిరణం తగులుతుంది. ఒక చిన్న దంతచిత్రానికి పడే మోతాదు అందులో అతి స్వల్ప భాగం మాత్రమే. త్రిపరిమాణ స్కానింగుకు మోతాదు అంతకంటె ఎక్కువ. కంప్యూటర్ చక్కని బొమ్మ చూపుతుందనే ఆకర్షణతో అవసరం లేకున్నా స్కానింగు చేయించడం, ముఖ్యంగా పిల్లలకు, సమంజసం కాదు. మన దేశంలో ఈ యంత్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తున్నది. ఎడ్మండ్ కెల్స్ తన చేతితో చెల్లించిన మూల్యాన్ని మరెవరూ చెల్లించకుండా చూడడమే ఇటువంటి నిబంధనల లక్ష్యం.

వైద్యుని స్థానం

యంత్రం అలసిపోదు. నూరవ చిత్రాన్ని కూడా మొదటి చిత్రమంత శ్రద్ధగా చూస్తుంది. మనిషి కన్ను వదిలేసిన మసక ఛాయను అది ఎత్తిచూపగలదు. కాని రోగి ఎన్నాళ్లుగా బాధపడుతున్నాడో, ఏమి తింటున్నాడో, మధుమేహం ఉన్నదో లేదో, మళ్లీ ఆరు నెలలకు పరీక్షకు రాగలడో లేడో ఆ నీడలో ఉండదు. చిన్న మచ్చ కనిపించినపుడు పంటిని తొలవాలా, తీపి తగ్గించి, శుభ్రంగా తోముకొని, కొంతకాలం వేచి చూడాలా అన్నది ఇవన్నీ తెలిసిన వైద్యుడు రోగితో మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయం. తొలిదశలోని క్షయం సరైన సంరక్షణతో అక్కడికక్కడే ఆగిపోయే అవకాశం కూడా ఉంది. కంప్యూటర్ ముందుగా హెచ్చరించడం వల్ల కలిగే అసలు లాభం ఈ అవకాశమే.

పన్ను నొప్పి వచ్చాక పరుగెత్తడం పాత అలవాటు. నొప్పి రాకముందే ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవడం కొత్త విజ్ఞానం మనకు కల్పించిన వెసులుబాటు. నోటి లోపలి నీడలను చదవగల సాధనాలు నేడు మన చేతిలో ఉన్నాయి. ఆ నీడలలో నిజమేదో, భ్రమ ఏదో తేల్చుకొనే వివేకం వైద్యునికీ, ప్రశ్నించి తెలుసుకొనే చైతన్యం ప్రజలకూ ఉన్నపుడే వాటి ప్రయోజనం సంపూర్ణంగా నెరవేరుతుంది.